కప్పు బరువుకు కూలిన హోలీరూడ్ ప్రార్థనాలయం

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో హోలీరూడ్ రాజభవనాన్ని ఆనుకుని, చాలావరకు కప్పు లేని మధ్యయుగపు ప్రార్థనాలయం ఒకటి ఉంది. దానికి తిరిగి కప్పు వేయాలని 1835లో ఒకసారి, 1906లో మరోసారి ప్రతిపాదనలు వచ్చినా రెండూ తిరస్కరణకు గురయ్యాయి. ఈ ప్రతిపాదనల మూలాలు ఆ కప్పు కూలిన తీరులోనే ఉన్నాయి.

మొదటి డేవిడ్ రాజు 1128లో అగస్టీనియన్ సన్యాసుల కోసం ఇక్కడ మఠం నెలకొల్పాడు. ఆనాటి చర్చిలో ఆగ్నేయ మూలనున్న గుండ్రటి కమాను ద్వారం ఒక్కటే చెప్పుకోదగ్గంతగా మిగిలింది. ఇప్పుడు కనిపించే గోడల్లో ఎక్కువ భాగం 1195–1230 మధ్య, కోసుగా ఉండే కమానుల గోథిక్ పద్ధతిలో కట్టినవి. ఉత్తరపు గోడ వెంట ఒకదాన్నొకటి పెనవేసుకున్నట్టు చెక్కిన చిన్న కమానుల వరుసను దగ్గరగా చూస్తే, ఆ శిల్పుల ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. లోపలి రాతి కప్పు గోడలను బయటికి నెడుతుంది కనుక, ఆ ఒత్తిడిని ఆపడానికి 15వ శతాబ్దంలో బయటి నుంచి దన్ను కమానులు కూడా చేర్చారు.

1544లో, 1547లో ఇంగ్లండ్ సైన్యాలు దాడి చేసి కప్పు మీది సీసపు రేకులను సైతం ఊడబెరికాయి. స్కాట్లాండ్ కాథలిక్ చర్చిని వదిలి ప్రొటెస్టెంట్ బాట పట్టిన మత సంస్కరణ తరువాత, 1570 ప్రాంతంలో, తూర్పు భాగాన్ని పూర్తిగా పడగొట్టి, మిగిలిన పొడవాటి మండపాన్ని స్థానిక చర్చిగా వాడుకున్నారు. కాథలిక్ అయిన ఏడో జేమ్స్ రాజు 1687లో దాన్ని రాజ ప్రార్థనాలయంగా మార్చగా, మరుసటి ఏడాది అల్లరిమూక లోపలికి చొరబడి రాజుల సమాధులను సైతం ధ్వంసం చేసింది. ఇన్ని దెబ్బలు తిన్నా గోడలూ కప్పూ నిలిచే ఉన్నాయి.

చివరికి ముప్పు మరమ్మతు రూపంలో వచ్చింది. 1758–60లో లోపలి రాతి కప్పుకు పైన ఉన్న పైకప్పులో పాతబడిన కలప దూలాలను తొలగించి, వాటి స్థానంలో బరువైన రాతి పలకలు పరిచారు. తేలికపాటి కలప పైకప్పును మోయడానికి కట్టిన గోడల మీద అంత భారం మోపడం, నా దృష్టిలో, క్షమించరాని తప్పిదం. 1766లో వాస్తుశిల్పి విలియం మైల్న్ నివేదిక మేరకు భవనాన్ని మూసివేశారు గాని, బరువును మాత్రం దించలేదు. 1768 డిసెంబరులో కప్పు రెండు విడతలుగా కూలిపోయింది.

1906 నాటి ప్రతిపాదన థిసిల్ వీరుల, అంటే స్కాట్లాండ్‌లో అత్యున్నత రాజ గౌరవ బిరుదు పొందినవారి, ప్రార్థనాలయం కోసం వచ్చింది. అది తిరస్కరణకు గురయ్యాక, వారి కోసం సెయింట్ జైల్స్ చర్చి పక్కన కొత్త కట్టడం లేచి 1911లో ప్రారంభమైంది. హోలీరూడ్‌లో మాత్రం దక్షిణపు నడవ మీద 13వ శతాబ్దపు రాతి కప్పు ఇప్పటికీ నిలిచి ఉంది.