గేమింగ్ మానిటర్‌లో లోపమేది, స్వభావమేది: అపోహలు – వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో మానిటర్లు అమ్మడం, బిగించడం, బాగుచేయడం మా పని. "పాడైపోయింది" అంటూ తిరిగి వచ్చే గేమింగ్ మానిటర్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. సెట్టింగో కేబులో సరిగా ఉండదు, లేదా ఆ ప్యానెల్ (బొమ్మ చూపే తెర) స్వభావమే అంత. కౌంటర్ దగ్గర రోజూ వినబడే మాటలు కొన్ని ఇవి.

అపోహ: 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) కొంటే పెట్టగానే 144 వచ్చేస్తుంది.

చాలాసార్లు రాదు, విండోస్ 60 దగ్గరే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి మనమే మార్చాలి. అక్కడ 144 కనబడకపోతే కేబుల్ చూడండి. ఇంట్లో ఎక్కడో పడి ఉన్న పాత హెచ్‌డీఎంఐ వైరు కన్నా డిస్‌ప్లేపోర్ట్ వైరు మేలు. అది గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చారా, మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చారా అన్నది కూడా చూసుకోండి. గాజువాక నుంచి మానిటర్‌ని ఒళ్లో పెట్టుకుని బండి మీద వచ్చి, ఈ ఒక్క ప్రశ్నకి నాలుక్కరుచుకుని వెళ్లినవాళ్లున్నారు.

అపోహ: కంటికి 60 దాటితే తేడా తెలియదు.

మౌస్ బాణాన్ని వేగంగా గుండ్రంగా తిప్పండి, తెలిసిపోతుంది. అయితే 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్, అంటే ఒక్కో బొమ్మ, 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144లో 6.9, 240లో 4.2. మొదటి మెట్టుకి దాదాపు 10 తగ్గాయి, రెండో మెట్టుకి 3 కూడా తగ్గలేదు. 240 కోసం అప్పు చేయొద్దని అందుకే అంటాను, అమ్ముకునేవాణ్ణయి ఉండి కూడా.

అపోహ: అట్ట పెట్టె మీద 1 ఎంఎస్ (పిక్సెల్ రంగు మారడానికి ఒక మిల్లీసెకను) అని ఉంటే మసక ఉండదు.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆ అంకె చాలాసార్లు ఓవర్‌డ్రైవ్‌ని ఆఖరి మెట్టుకి పెట్టినప్పుడు వచ్చేది. పిక్సెల్ రంగు త్వరగా మారాలని కాస్త ఎక్కువ వోల్టేజీ ఇవ్వడమే ఓవర్‌డ్రైవ్. అతిగా ఇస్తే పిక్సెల్ గురి దాటిపోయి, కదిలే బొమ్మ వెనక తెల్లటి తోక కనబడుతుంది. మానిటర్ మెనూలో మధ్య మెట్టుకి తగ్గిస్తే చాలా మానిటర్లలో అది పోతుంది. ఇక నలుపుని లోతుగా చూపే వీఏ రకం ప్యానెల్‌కి నలుపు నుంచి ముదురు బూడిద రంగుకి మారడం కష్టం. చీకటి సీన్‌లో గిర్రున తిరిగితే మసి పూసినట్టు చార పడుతుంది. "ఏటన్నా ఇది, కొత్తదే కదా!" అంటారు. కొత్తదే, దాని తీరే అది. ఆ లోతైన నలుపు కావాలంటే ఈ చారని భరించాలి. రాత్రి మ్యాప్‌ల షూటింగ్ గేములే ఎక్కువ ఆడేవాళ్లకి నేను ఐపీఎస్ రకం ప్యానెలే ఇస్తాను.

అపోహ: తెర మిణుకుమంటే ప్యానెల్ పోయినట్టే.

ముందు ఎప్పుడు మిణుకుతోందో చూడండి. లోడింగ్ తెరల్లో, ఫ్రేమ్‌రేట్ (సెకనుకి వచ్చే ఫ్రేముల లెక్క) ఎగిరిపడేటప్పుడు మాత్రమే అయితే అది జీ-సింక్, ఫ్రీసింక్ లాంటి వేరియబుల్ రిఫ్రెష్, అంటే ఫ్రేమ్‌రేట్‌ని బట్టి తెర వేగం మార్చే సదుపాయం తెచ్చే పేచీ. వీఏ, ఓఎల్ఈడీ రకం ప్యానెళ్లలో ఎక్కువ. రిఫ్రెష్ వేగం మారుతుంటే పిక్సెల్ వెలుగు కూడా కొద్దిగా మారుతుంది, కంటికి అది మిణుకులా తోస్తుంది. మీ కార్డు ఎప్పుడూ నిలబెట్టగలిగే అంకె దగ్గర ఫ్రేమ్‌రేట్‌కి కళ్లెం వేయండి. అప్పటికీ తగ్గకపోతే ఆ ఒక్క గేముకి సింక్ ఆపేయండి. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నా మిణుకుతోందంటే మాత్రం వేరే కేబుల్ పెట్టి చూడండి, తర్వాత వారంటీ కాగితం తీయండి.

అపోహ: మూలల్లో వెలుగు కనబడితే పీస్ మార్పించాల్సిందే.

గదిలో లైటు ఆపి, నల్ల బొమ్మ పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి తల అటూ ఇటూ కదపండి. తలతోపాటు వెలుగు మారితే అది ఐపీఎస్ గ్లో, ప్రతి పీస్‌కీ ఎంతో కొంత ఉంటుంది. ఒకే చోట మచ్చలా నిలిచి ఉంటే బ్యాక్‌లైట్ (తెర వెనక దీపం) లీకవుతోంది, అప్పుడు అడగండి.

అపోహ: సముద్రపు గాలికి పాడవకుండా, మానిటర్ ఆఫ్ చేయగానే ప్లాస్టిక్ కవరు తొడగాలి.

బీచ్ రోడ్డు వైపు ఇళ్ల నుంచి వచ్చే వాటిలో ముందు చిలుము పట్టేది పోర్టులకీ కేబుల్ పిన్నులకీ. వేడిగా ఉన్నప్పుడే కవరు తొడిగితే చెమ్మ లోపలే నిలుస్తుంది. చల్లారనిచ్చి పలచటి బట్ట కప్పండి. తుడిచేముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఇసుక రేణువుతో సహా రుద్దితే తెర మీది పూత గీతలు పడుతుంది, అది వారంటీలోకి రాదు.