సన్‌స్క్రీన్ గురించి మా ఓపీలో రోజూ వినే మాటలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో స్కిన్ డాక్టర్‌గా ప్రాక్టీస్ చేస్తా ఉన్నా. మార్చి వచ్చిందంటే చాలు, మంగు ఎక్కువైంది, మొహం నల్లబడింది అని చానా మంది వస్తారు. సన్‌స్క్రీన్ రాస్తా ఉన్నారా అంటే "రాస్తానే ఉండా మేడమ్, ఏం పని చేయట్లే" అంటారు. ఎట్ల రాస్తారో చూపించమంటే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

అపోహ: ఎస్‌పీఎఫ్ నంబరు పెద్దది కొంటే పొద్దున ఒకసారి రాస్తే సాయంత్రం దాకా చాలు.

ఎస్‌పీఎఫ్ అంటే చర్మం ఎండకి కమిలిపోకుండా సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే నంబరు. ఎస్‌పీఎఫ్ 30 ఉండేది యూవీబీని, అంటే ఎండలో చర్మాన్ని కమిలించే అతినీలలోహిత (యూవీ) కిరణాల్ని, సుమారు 97 శాతం ఆపుతుంది, 50 ఉండేది 98 శాతం, అంతే తేడా. పైగా ఆ నంబరు ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన మందంగా రాసి తేల్చింది, మనమేమో శనగగింజంత తీసుకుని మొహం అంతా సర్దుతాం, అప్పుడు అట్ట మీద 50 అని ఉన్నా మొహం మీద అంత ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు రెండిటి మీదా మొదలు నుంచి చివరి దాకా పొడుగ్గా గీత పెట్టుకోండి, అది మొహానికి, మెడకి. సుమారు ఒక గ్రాము. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాసినా 50 గ్రాముల ట్యూబ్ నెల రాకూడదు. మా దగ్గరకి వచ్చేవాళ్ళు ఉగాదికి కొన్న ట్యూబ్ వినాయక చవితికి తెచ్చి చూపిస్తారు, ఇంకా సగం ఉంటుంది! అందుకే నేను ఖరీదైనవి రాయను, పొదుపు చేయబుద్ధి కాని రేటులో ఉండేది, ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ ప్లస్‌లు (చర్మం లోపలి దాకా పోయే యూవీఏ కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) మూడో నాలుగో ఉండేది తీసుకోమంటా. బయటికి పోయే పదిహేను ఇరవై నిమిషాల ముందు రాయాలి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్నా మళ్ళీ.

అపోహ: మనది చామనఛాయ, మనకెందుకు ఇవన్నీ.

తెల్లోళ్ళతో పోలిస్తే ఎండకి కమిలిపోవడం, స్కిన్ క్యాన్సర్ మనకి తక్కువే, అది నిజమే. కానీ మంగు, మచ్చలు నల్లగా మిగిలిపోవడం మనకే ఎక్కువ. మంగుకి యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా కారణమే, అందుకే మంగు ఉన్నోళ్ళకి ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం కలిసిన టింటెడ్ (చర్మం రంగులో ఉండే) సన్‌స్క్రీన్ రాయమంటాం. బొల్లి మచ్చలు ఉన్నోళ్ళకైతే ఆ తెల్ల భాగం తొందరగా కమిలిపోతుంది, వాళ్ళు అస్సలు మానకూడదు.

అపోహ: గుండు మీద గంధం పూసుకుంటే ఎండ తగలదు.

ఇది మన ఊరి స్పెషల్. గంధం చల్లగా ఉంటుంది, హాయిగా ఉంటుంది, ఎవరూ పూసుకోవద్దు అనట్లేదు, కానీ అది యూవీని ఆపుతుందని నమ్ముకోలేం. ఇన్నాళ్ళూ జుట్టు కింద దాక్కున్న చర్మం అది, ఎండ అలవాటే లేదు, తలనీలాలు ఇచ్చేసి దర్శనం అయినాక మే నెల మధ్యాహ్నం కొండ మీద తిరిగితే సాయంత్రానికి నడినెత్తి ఎర్రబడి మండుతుంది, తర్వాత పొట్టు లేస్తుంది. బ్లేడు గాట్లు ఉంటాయి కాబట్టి ఆ రోజే సన్‌స్క్రీన్ రాస్తే చుర్రుమంటుంది, తువ్వాలో టోపీనో వేసుకోండి, గాట్లు మానినాక రాసుకోవచ్చు. చెవుల పైభాగం, మెడ వెనక మర్చిపోతారు, అక్కడ మాత్రం మొదటి రోజే రాయండి. ఆరు నెలల లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ వద్దు, నీడ, టోపీ, పల్చటి నూలు బట్ట చాలు.

అపోహ: కారులో, ఇంట్లో ఉంటే అక్కర్లేదు.

అద్దం యూవీబీని చానా వరకు ఆపుతుంది గానీ యూవీఏ లోపలికి వస్తుంది. ట్యాక్సీ డ్రైవర్ అన్నల రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి, కిటికీ వైపు ఉండే కుడి చెయ్యి నల్లగా ఉంటుంది, మొహంలో కూడా కుడి చెంప మీదే ముడతలు ముందొస్తాయి. కిటికీకి దూరంగా ఇంట్లో వంట చేసుకునేవాళ్ళకి ఇంత హడావిడి అక్కర్లేదు, మంగు ఉంటే తప్ప. ఇంకోటి, ట్యూబ్ కారు డ్యాష్‌బోర్డు మీద, స్కూటీ డిక్కీలో పెట్టకండి, ఆ వేడికి పాడైపోతుంది.

విటమిన్ డి తగ్గిపోతుందేమో అని కొందరు భయపడతారు. మామూలుగా రాసుకునేవాళ్ళలో అట్ల జరగట్లేదు, అనుమానం ఉంటే బ్లడ్ టెస్ట్ చేయించుకోండి.

నిమ్మకాయ రుద్దితే టాన్ పోతుందనేది మాత్రం అసలు వద్దు. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కి, ఆ తర్వాత నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది.

అపోహ: మెడికల్ షాపులో ఇచ్చిన తెల్లబడే క్రీమ్ రాసి, పైన సన్‌స్క్రీన్ రాస్తే ఏం కాదు.

అయితది. వాటిలో చానా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. 2018లోనే ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని రూల్ వచ్చింది, అయినా వారంలో తెల్లబడతారని చేతిలో పెట్టేస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎండలోకి పోగానే మంట, ఎర్రదనం, మొటిమలు, ఆడవాళ్ళకి గడ్డం మీద వెంట్రుకలు. దాని మీద ఎంత మంచి సన్‌స్క్రీన్ పూసినా లాభం లేదు. అట్లని ఈ రోజే ఆపేసి కూర్చోకండి, ఒక్కసారిగా ఆపితే మొహం ఇంకా భగ్గుమంటుంది, మెల్లగా తగ్గించుకుంటా రావాలి. ఆ ట్యూబ్ పారేయకుండా మీ స్కిన్ డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళండి, దాని మీద పేరు చూస్తేనే ఎట్ల తగ్గించాలో చెప్పగలం.