13 నిమిషాల ఆట, ఆరున్నరేళ్ల ఎదురుచూపు: ఫుట్‌బాల్‌లో దేశం మారడం వెనకున్న కథ

2014 సెప్టెంబర్ 8న వలెన్సియాలో స్పెయిన్‌కీ మాసిడోనియాకీ యూరో 2016 అనే యూరప్ దేశాల కప్పుకి క్వాలిఫయర్ (అర్హత మ్యాచ్) జరిగింది. స్పెయిన్ 5-1తో గెలిచింది, పదికాలాలు గుర్తుండిపోయే మ్యాచేం కాదు. కానీ 77వ నిమిషంలో కోకే బయటికొచ్చాడు, అతని బదులు మునీర్ ఎల్ హద్దాదీ అని పందొమ్మిదేళ్ల కుర్రాడు లోపలికి దిగాడు. బార్సిలోనాకి లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడి అప్పటికి రెండు వారాలే అయింది. డియెగో కోస్టాకి గాయమైతే అతని ప్లేస్‌లో హడావిడిగా పిలిచారు. 13 నిమిషాలు ఆడాడు, అంతే, స్పెయిన్ సీనియర్ టీమ్‌లో మళ్లీ ఆడే అవకాశం రాలేదు.

మునీర్ పుట్టింది మాడ్రిడ్ దగ్గర, వాళ్ల నాన్నది మొరాకో. 2018 వరల్డ్ కప్‌కి మొరాకో క్వాలిఫై అయ్యాక నేను మా నాన్న దేశానికి ఆడతాను అన్నాడు, మొరాకో ఫెడరేషన్ కూడా మాకు కావాలంది, ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా కుదరదంది, కేసు లుసాన్‌లో ఉన్న స్పోర్ట్స్ కోర్టు దాకా వెళ్లింది, సరిగ్గా వరల్డ్ కప్ నెల రోజుల్లో ఉందనగా 2018 మేలో అక్కడా కుదరదనేశారు. కారణం ఆ 13 నిమిషాలే. అదే ఏ టోర్నీకీ సంబంధం లేని ఫ్రెండ్లీ మ్యాచ్ అయ్యుంటే ఏ అడ్డూ ఉండేది కాదు, క్వాలిఫయర్ కాబట్టి కట్టుబడిపోయాడు. తమాషా ఏంటంటే ఏ కోస్టా బదులు దిగాడో ఆ కోస్టా బ్రెజిల్ వాడు, 2013లో బ్రెజిల్‌కి రెండు మ్యాచ్‌లు ఆడి తర్వాత స్పెయిన్‌కి మారినవాడే. అవి రెండూ ఫ్రెండ్లీలు కాబట్టి అతనికి దారి దొరికింది.

ఈ విషయం మీద ఎప్పుడు గొడవ వచ్చినా "దేశద్రోహి", "డబ్బు కోసం మారాడు" అని తిట్టేస్తారు గానీ ఈ రూల్స్ ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ చూడరు. ఆ కథ తెలిస్తే తిట్టడానికి నోరు రాదని నా నమ్మకం, అందుకే మొదట్నించీ చెప్తున్నా.

మొదట్లో ఆపే రూలే లేదు. పాస్‌పోర్ట్ ఉంటే ఆడొచ్చు. లూయిస్ మోంటి 1930 వరల్డ్ కప్ ఫైనల్ అర్జెంటీనాకి ఆడి ఉరుగ్వే చేతిలో ఓడాడు, నాలుగేళ్ల తర్వాత 1934 ఫైనల్ ఇటలీకి ఆడి కప్పు గెలిచాడు. రెండు దేశాల తరఫున రెండు ఫైనల్స్ ఆడినవాడు ఇప్పటికీ అతనొక్కడే. ఆ ఇటలీ టీమ్‌లో అర్జెంటీనా నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు, ఓర్సి, గువైతా లాంటివాళ్లు, ఇటాలియన్ కుటుంబాల పిల్లలు. వీళ్లని మిలిటరీకి పిలవొచ్చు అన్నప్పుడు ఆటకి ఎందుకు పిలవకూడదు అనేది కోచ్ పొజ్జో వాదన. వినడానికి బాగుంటుంది, కానీ 1935లో ఇథియోపియా యుద్ధం ముందు మిలిటరీ పిలుపు నిజంగానే వచ్చేలా ఉంటే, సెమీఫైనల్లో ఆస్ట్రియా మీద గోల్ కొట్టి ఇటలీని ఫైనల్‌కి తీసుకెళ్లిన ఆ గువైతాయే ఇటలీ వదిలి పారిపోయాడు. జెర్సీ వేసుకున్నంత మాత్రాన ఆ దేశం కోసం చావడానికి కూడా ఒప్పుకున్నట్టేనా? పాపం ఆట ఆడటానికి వచ్చినవాడు.

తర్వాత 1950లకి వస్తే ఇది ఇంకా ఎక్కువైంది. డి స్టెఫానో 1947లో అర్జెంటీనాకి 6 మ్యాచ్‌ల్లో 6 గోల్స్ కొట్టి, తర్వాత 1957 నుంచి స్పెయిన్‌కి 31 మ్యాచ్‌ల్లో 23 గోల్స్ కొట్టాడు. పుష్కాష్ హంగరీకి 85 మ్యాచ్‌ల్లో 84 గోల్స్, 1956 తిరుగుబాటు తర్వాత తిరిగి ఇంటికి వెళ్లలేదు, 1962 వరల్డ్ కప్‌లో స్పెయిన్ జెర్సీలో కనబడ్డాడు. అదే వరల్డ్ కప్‌లో 1958లో బ్రెజిల్‌తో ఉన్న అల్టాఫిని ఇటలీకి, 1954లో ఉరుగ్వేకి ఆడిన శాంటామారియా స్పెయిన్‌కి ఆడారు. ఇలా అయితే డబ్బున్న క్లబ్బులు ఉన్న దేశాలే ఎవర్ని కావాలంటే వాళ్లని లాగేసుకుంటాయి అనే భయం ఫిఫాకి పట్టుకుంది, ఆ భయంలో న్యాయం లేదనను. 1960ల మొదట్లో తలుపు మూసేశారు: ఒక దేశానికి ఆడితే ఇక ఇంకో దేశానికి ఆడటానికి లేదు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా మనసుకి పట్టింది ఇదే. 1958 ఏప్రిల్‌లో, వరల్డ్ కప్ ఇంకో రెండు నెలల్లో ఉందనగా, ఫ్రాన్స్ లీగ్‌లో ఆడుతున్న అల్జీరియా ప్లేయర్లు కొంతమంది గుట్టుచప్పుడు కాకుండా ఫ్రాన్స్ దాటిపోయారు. వాళ్లలో సెయింట్-ఎటియెన్ ఫార్వర్డ్ రషీద్ మెఖ్లూఫీ, మొనాకో డిఫెండర్ ముస్తఫా జితూని ఉన్నారు, ఇద్దరూ అప్పటికే ఫ్రాన్స్ టీమ్‌కి ఆడినవాళ్లు, ఇద్దరికీ వరల్డ్ కప్ ఛాన్స్ ఉంది. అంతా వదులుకుని ట్యూనిస్ చేరి, ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఎఫ్‌ఎల్‌ఎన్ అనే సంస్థ పేరు మీద టీమ్ కట్టి దేశాలు తిరిగి మ్యాచ్‌లు ఆడారు. ఫిఫా వాళ్లని గుర్తించలేదు. అల్జీరియా అనే దేశమే ఇంకా పుట్టలేదు మరి, పుట్టని దేశానికి ఆడుతున్నారు వాళ్లు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక అదే మెఖ్లూఫీ అల్జీరియా అసలు జెర్సీ వేసుకున్నాడు. ఇతన్ని దేశం మారినవాడు అనాలా, దేశానికి తిరిగొచ్చినవాడు అనాలా?

ఆ తర్వాత నలభై ఏళ్లు తలుపు మూసే ఉంది, దేశమే ముక్కలైతే తప్ప. యుగోస్లావియా విడిపోయాక ప్రోసినెచ్కి 1990లో యుగోస్లావియాకి, 1998లో క్రొయేషియాకి వరల్డ్ కప్ గోల్స్ కొట్టాడు. అతను ఎక్కడికీ మారలేదు, కాళ్ల కింద దేశం మారిపోయింది.

ఈ నలభై ఏళ్లలో బయట ప్రపంచం కూడా మారింది. అల్జీరియా, మొరాకో, టర్కీ నుంచి ఫ్యాక్టరీల్లో పనికి, కట్టడాల పనికి యూరప్ వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు, పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి అకాడమీల్లోనే ఆట నేర్చుకున్నారు. పదహారేళ్లకి ఫ్రాన్స్ అండర్-17 పిలిస్తే ఏ పిల్లాడు రానంటాడు? ఆడతాడు. ఇరవై ఏళ్లొచ్చేసరికి సీనియర్ టీమ్‌కి పిలుపు రాదు, అటు తల్లిదండ్రుల దేశం కావాలంటుంది గానీ జూనియర్‌గా అఫీషియల్ టోర్నీ ఆడాడని రూల్ అడ్డొస్తుంది.

2004లో ఫిఫా ఆ పిల్లల కోసం కాస్త తలుపు తీసింది, జూనియర్ స్థాయిలో ఆడినవాళ్లు 21 ఏళ్లలోపు ఒక్కసారి మారొచ్చంది. దాన్ని మొదట వాడుకున్నది అంతర్ యహియా, ఫ్రాన్స్‌లోని మ్యులూజ్‌లో పుట్టి ఫ్రాన్స్ జూనియర్ టీమ్‌లకి ఆడిన డిఫెండర్, అల్జీరియాకి మారాడు. ఆ రూల్ ఏం చేసిందో చూడాలంటే 2009 నవంబర్ 18కి వెళ్లాలి. సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్‌లో అల్జీరియా, ఈజిప్ట్ ప్లేఆఫ్, గెలిస్తే వరల్డ్ కప్, ఓడితే ఇంటికి. 40వ నిమిషంలో గోల్‌కి బాగా పక్కన, కోణమే లేని చోట బంతి దొరికింది యహియాకి, పాస్ ఇస్తాడేమో అనుకునేలోపే గట్టిగా కొట్టాడు, బంతి పైబార్‌కి తగిలి లోపల పడింది. 1-0. 1986 తర్వాత మొదటిసారి అల్జీరియా వరల్డ్ కప్‌కి వెళ్లింది. ఆ 2004 మార్పు లేకపోతే ఆ గోల్ లేదు.

అదే 2004లో ఇంకో పక్క నుంచి ఇంకో గొడవ. ఐల్టన్, డెడె, లియాండ్రో అనే ముగ్గురు బ్రెజిల్ ప్లేయర్లకి పౌరసత్వం ఇచ్చి ఆడించాలని ఖతార్ చూసింది, వాళ్లకి ఖతార్‌తో ఏ సంబంధమూ లేదు. ఫిఫా వెంటనే అడ్డుపడింది, నువ్వు గానీ అమ్మానాన్నా గానీ తాతా నానమ్మా అమ్మమ్మల్లో ఎవరైనా గానీ ఆ దేశంలో పుట్టుండాలి, లేదా అక్కడ రెండేళ్లు ఉండాలి అంది. 2008లో ఆ రెండేళ్లని 18 ఏళ్లు నిండాక ఐదేళ్లుగా చేసింది. ఇది మంచి పనే, దీన్ని నేను పూర్తిగా సమర్థిస్తా. అయినా మోసాలు ఆగలేదనుకోండి, 2025 సెప్టెంబర్‌లో ఫోర్జరీ పత్రాలతో ఆడారని మలేషియాకి ఆడిన ఏడుగురిని ఫిఫా ఏడాది సస్పెండ్ చేసింది.

2009లో బహమాస్‌లో జరిగిన ఫిఫా కాంగ్రెస్‌లో ఆ 21 ఏళ్ల లిమిట్ కూడా తీసేశారు, అల్జీరియా పట్టుబట్టి సాధించిన మార్పు ఇది. జర్మనీ జూనియర్ టీమ్‌ల్లో పెరిగిన కెవిన్-ప్రిన్స్ బోటెంగ్ 2010లో తండ్రి దేశం ఘనాకి వెళ్లింది దీనివల్లే, ఆ వరల్డ్ కప్‌లోనే జర్మనీకి ఆడుతున్న తమ్ముడు జెరోమ్‌తో తలపడ్డాడు. 2016లో కొసోవోకి ఫిఫా సభ్యత్వం వచ్చినప్పుడు అయితే వేరే దేశాలకి ఆడేసినవాళ్లని కూడా రానిచ్చారు. నార్వేకి ఆడిన వాలోన్ బెరిషాకి ఫిన్లాండ్‌తో మ్యాచ్ ఇంకొన్ని గంటల్లో ఉందనగా పర్మిషన్ వచ్చింది, ఆ సాయంత్రం పెనాల్టీతో కొసోవోకి మొదటి అఫీషియల్ గోల్ కొట్టాడు.

ఇన్ని సడలింపులు వచ్చినా మునీర్ లాంటివాళ్లకి మాత్రం దారి లేదు, సీనియర్ అఫీషియల్ మ్యాచ్‌లో ఒక్క నిమిషం ఆడినా అయిపోయినట్టే. కొంతమంది కోచ్‌లు కుర్రాళ్లని పక్క దేశానికి పోనీకుండా కట్టేయడానికే చివరి నిమిషాల్లో దింపుతారనే ఆరోపణ చాలా కాలంగా ఉంది, ఎవరి మనసులో ఏముందో గానీ రూల్ మాత్రం దానికి వీలిచ్చింది. చివరికి 2020 సెప్టెంబర్‌లో మార్చారు: 21 ఏళ్లలోపు మూడు సీనియర్ మ్యాచ్‌లకి మించకుండా ఆడి, వరల్డ్ కప్ లేదా ఖండం స్థాయి ఫైనల్ టోర్నీ ఆడకుండా, చివరి మ్యాచ్ అయి మూడేళ్లు గడిచుంటే ఒక్కసారి మారొచ్చు. మొదటి మ్యాచ్ ఆడేనాటికే రెండో దేశం పౌరసత్వం కూడా ఉండాలి.

ఖతార్‌లో 2022 వరల్డ్ కప్ వచ్చేసరికి మొరాకో 26 మందిలో 14 మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లు. డిసెంబర్ 6న స్పెయిన్ మీద షూటౌట్‌లో చివరి పెనాల్టీ హకీమీ తీసుకున్నాడు, మాడ్రిడ్‌లో పుట్టి రియల్ మాడ్రిడ్ అకాడమీలో పెరిగినవాడు, బంతిని మెల్లగా మధ్యలోకి లేపి వేశాడు. అంతకు రెండు వారాల ముందు కామెరూన్ రాజధాని యావుండేలో పుట్టిన బ్రీల్ ఎంబోలో స్విట్జర్లాండ్ తరఫున కామెరూన్ మీదే గోల్ కొట్టి, సంబరం చేసుకోకుండా రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. ఆ రెండు సీన్లూ ఒకే టోర్నీలో చూశాం.

ఆ 2020 మార్పుతోనే మునీర్ 2021 మార్చిలో మొరాకోకి మొదటి మ్యాచ్ ఆడాడు, మౌరిటానియా మీద. అప్పటికి వయసు 25. ఆ ఖతార్ వరల్డ్ కప్ టీమ్‌లో మాత్రం అతని పేరు లేదు.