బ్రాయిలర్ షెడ్డులో పసుపు, వెల్లుల్లి, వాము: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, గుత్తి వైపు బ్రాయిలర్ షెడ్లకు పశువైద్యుడిగా వెళ్తుంటాను. యాంటీబయాటిక్ మానేస్తామనే రైతులు పెరుగుతున్నారు, నాకది చాలా సంతోషం. దాని బదులు ఏం వాడాలనే దగ్గరే తప్పుడు మాటలు తిరుగుతున్నాయి.

అపోహ: నీళ్లలో పసుపు కలిపితే చాలు.

వాస్తవం: పసుపులో పనిచేసే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు. పొడి ట్యాంకు అడుగున పేరుకుంటుంది, పైపుల్లో కూర్చుంటుంది. మొన్న ఒక షెడ్డులో లైను చివర, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ విప్పిస్తే పచ్చటి జిగురు ముద్ద బయటికొచ్చింది. పసుపుతో పాటు బెల్లం కూడా కలిపారట. ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరగడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. పైగా నడి ఎండాకాలంలో ఆ వరుస కోళ్లకు నీళ్లే సరిగా అందడం లేదు! పసుపు వేస్తే దాణాలోనే వేయాలి, టన్నుకు 5 కిలోలు మించకూడదు. లూజు పొడిలో రంగు కలిపే ప్రమాదం ఉంది కాబట్టి కొమ్ములు కొని ఆడించుకోండి. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ ఒప్పందం మీద కోళ్లు పెంచేవాళ్లు, కంపెనీ డాక్టరును అడగకుండా దాణాలో ఏదీ కలపొద్దు.

అపోహ: ఆకుమందే కదా, ఎంత వేసినా నష్టం లేదు.

వాస్తవం: వేపాకు ఎక్కువైతే చేదుకు కోడి మేత తగ్గించేస్తుంది, బరువు పడిపోతుంది. వాము నూనె నేరుగా పోస్తే నీళ్ల మీద తేలుతుంది, ఒక కోడికి ఘాటుగా, ఇంకో కోడికి ఉత్త నీళ్లుగా అందుతుంది. వెల్లుల్లిని దంచితేనే అందులో పనిచేసే అల్లిసిన్ పుడుతుంది, ఉడకబెడితే పుట్టదు.

అపోహ: రోగం వచ్చాక కూడా మూలికలే చాలు.

వాస్తవం: చాలవు. కొక్కెర తెగులు, గంబోరో వైరస్ జబ్బులు, వాటికి టీకాయే రక్ష. బ్యాక్టీరియా జబ్బు ముదిరితే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు ఇవ్వాల్సిందే, అమ్మకానికి ముందు ఆపాల్సినన్ని రోజులు ఆపాల్సిందే. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి, 2019లోనే మన దేశంలో కోళ్లకు నిషేధించారు.

అపోహ: యాంటీబయాటిక్ లేకపోతే బరువు రాదు.

వాస్తవం: బరువు కోసం దాణాలో వేసే యాంటీబయాటిక్‌లను యూరోపియన్ యూనియన్ 2006 నుంచి పూర్తిగా ఆపేసింది. అక్కడ బ్రాయిలర్ల పెంపకం ఆగలేదు. శుభ్రమైన షెడ్డులో ఆ మందుల లాభం మొదటి నుంచీ తక్కువే. మూలికలు కూడా పేగు బాగున్న కోడిలోనే పనిచేస్తాయి, ఆ పేగును చెడగొట్టేది ఎక్కువగా షెడ్డు నేల మీద పరిచిన పొట్టు తడవడం. తడిలో కాక్సిడియా అనే పరాన్నజీవి పెరుగుతుంది, అది పేగును గాయపరిస్తే వెనకే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా దిగుతుంది. మన దగ్గర శనక్కాయ పొట్టు పరుస్తారు కదా, బూజు పట్టింది వద్దు, కోడిపిల్లల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పరిచాక రోజూ ఒక పిడికెడు తీసి పిసికి వదలండి. ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. ఆ రోజే తిరగేయించి, ఆ వరుసలో కారుతున్న నిపుల్ ఏదో వెతకండి.