కట్‌త్రోటా, రెయిన్‌బోనా, రెండూ కలిసిందా?

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో స్నేక్ నది సౌత్ ఫోర్క్ పాయలో పట్టిన ఒక ట్రౌట్ ఫొటో పంపి, "ఇది ఏ చేప? ఉంచుకోవచ్చా, వదిలెయ్యాలా?" అని ఒక పాఠకుడు అడిగారు. దవడ కింద ఎర్ర గీత స్పష్టంగా ఉంది కాబట్టి కట్‌త్రోట్ అనే రకం ట్రౌటేనని పక్కనున్నవాళ్ళు తేల్చేశారట. అయితే అదే ఫొటోలో తల మీద ముక్కు దాకా నల్ల చుక్కలున్నాయి. పొట్ట వెనక, తోకకి ముందుండే వాజం (ఈతరెక్క) కొస తెల్లగా మెరుస్తోంది. అది అచ్చమైన కట్‌త్రోట్ కాదు, కట్‌త్రోట్‌కీ రెయిన్‌బో అనే ఇంకో రకం ట్రౌట్‌కీ పుట్టిన సంకరం. అక్కడివాళ్ళు కట్‌బో అంటారు.

ఆ పాయలో ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. కట్‌త్రోట్ పడితే వదిలెయ్యాలి. రెయిన్‌బోలనీ కట్‌బోలనీ ఎన్నయినా ఉంచుకోవచ్చు. ఐడహో ఫిష్ అండ్ గేమ్ శాఖ 2010 నుంచి కొన్ని రెయిన్‌బోల ముక్కులో కంటికి ఆనని తీగముక్క దూర్చి వదులుతోంది. పట్టిన చేప తల తెచ్చిచ్చినప్పుడు అందులో ఆ తీగ దొరికితే 50 నుంచి 1,000 డాలర్ల దాకా బహుమతి. బయటినుంచి వచ్చిన రెయిన్‌బో అక్కడి సొంత చేప అయిన కట్‌త్రోట్‌తో కలిసిపోకుండా ఆపడానికే ఈ పాట్లన్నీ.

బ్రౌన్, బ్రూక్ అనే రకాల చేపలని గుర్తుపట్టడం తేలిక, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను. లేతరంగు ఒంటి మీద ముదురు చుక్కలుంటే ట్రౌట్, ముదురు ఒంటి మీద లేత చుక్కలుంటే ట్రౌట్‌కి దగ్గరి చుట్టమైన చార్. బ్రూక్, లేక్, బుల్ అనే మూడింటినీ ట్రౌట్ అనే పిలుస్తారు గానీ నిజానికి మూడూ చార్‌లే. బుల్ ట్రౌట్‌కి మాత్రం ఫెడరల్ చట్టం రక్షణ ఉంది. దాని వీపు మీది వాజంలో నల్ల మచ్చలుండవు, బ్రూక్‌కి ఉంటాయి. అందుకే ఐడహో, మోంటానాల్లో కొత్తగా గాలం పట్టేవాళ్ళకి మొదట నేర్పేది, వీపు వాజంలో నలుపు లేకపోతే చేపని వదిలెయ్యమని.

ఆ చుక్కల దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి, నాకు ఎంతో ఇష్టమైన సంగతి అక్కడుంది. ఆడ బ్రౌన్‌కీ మగ బ్రూక్‌కీ పుట్టిన పిల్లని టైగర్ ట్రౌట్ అంటారు. దాని ఒంటి మీద తల్లి చుక్కలూ ఉండవు, తండ్రి చుక్కలూ ఉండవు. ఒళ్ళంతా మెలికలు తిరిగిన చారలు. రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తూ ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తుంటే చుక్కలూ చారలూ వాటంతటవే ఏర్పడగలవని గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో గణితంతో చూపించాడు. ఆ సమీకరణాల్లో ఒక విలువని కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే లేత నేల మీది ముదురు చుక్కలు సాగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, మెలికల చారలవుతాయి, ఇంకా ముందుకెళితే ముదురు నేల మీద లేత చుక్కలవుతాయి. ముదురు చుక్కల చేపకీ లేత చుక్కల చేపకీ పుట్టిన పిల్లలో ఆ విలువ సరిగ్గా నడుమ పడితే వచ్చేవి మెలికలే. 2010లో జపాన్ పరిశోధకులు ఒక చార్‌నీ ఒక సాల్మన్‌నీ కలిపిన సంకరంలో సరిగ్గా ఇదే చూపించారు. కాబట్టి సంకరం ఎప్పుడూ అమ్మానాన్నలకి మధ్యస్తంగా కనిపిస్తుందని అనుకోకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కట్‌త్రోట్‌నీ రెయిన్‌బోనీ విడదీసే గుర్తులు చాలానే ఉన్నాయి. కట్‌త్రోట్ కింది దవడ మడతలో రెండు వైపులా ఎరుపు లేదా నారింజ గీత ఉంటుంది. పైదవడ ఎముక కంటిని బాగా దాటి వెనక్కి పోతుంది, రెయిన్‌బోలో కంటి వెనక అంచు దగ్గరే ఆగిపోతుంది. కట్‌త్రోట్ చుక్కలు తోక వైపు గుంపుగా చేరి తల వైపు పలచబడతాయి. రెయిన్‌బోకి తల మీద కూడా ధారాళంగా ఉంటాయి, పొట్ట వైపు వాజాల కొసలు తెల్లగా ఉంటాయి. ఇంకొక గుర్తు లోపల దాగి ఉంది. నాలుక మొదలు వెనక, మొప్పల మధ్యనున్న ఎముక మీద కట్‌త్రోట్‌కి చిన్న చిన్న పళ్ళుంటాయి, రెయిన్‌బోకి ఉండవు. బతికున్న చేప గొంతులో వేలుపెట్టి వాటిని వెతకొద్దు, మొప్పలు దెబ్బతింటాయి. ఉంచుకోవడానికి చంపిన చేపలోనే చూడండి.

గీత ఎంత ఎర్రగా ఉంటే చేప అంత స్వచ్ఛం అని చాలామంది గట్టిగా నమ్ముతారు. అది వట్టి మూఢనమ్మకం. తిండి, నీళ్ళు, గుడ్లు పెట్టే కాలం, అన్నీ రంగుని మారుస్తాయి. స్వచ్ఛమైన కట్‌త్రోట్‌కి కూడా గీత వెలిసినట్టు ఉండొచ్చు.

మరి గుర్తులు ఇన్ని ఉండగా అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఎందుకు పొరబడతారు? పేకముక్కలతో చూద్దాం. ప్రతి చేప దగ్గరా రెండు పేకలున్నాయనుకోండి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. కట్‌త్రోట్ ముక్కల వీపు నీలం, రెయిన్‌బో ముక్కల వీపు ఎరుపు. స్వచ్ఛమైన కట్‌త్రోట్ దగ్గర రెండు పేకలూ నీలమే. రెండు జాతులూ కలిసి పుట్టిన మొదటి తరం పిల్లలో ఒక పేక మొత్తం నీలం, ఒక పేక మొత్తం ఎరుపు. అందుకే మొదటి తరం సంకరాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, పట్టుకోవడం తేలిక.

ఆ పిల్ల పెద్దదై గుడ్డు పెట్టినప్పుడు రెండు పేకల్నీ ఇవ్వదు, ఒక్కటే ఇస్తుంది. ఇస్పేటు ఆసు దగ్గర నీలమో ఎరుపో, కళావరు రాజు దగ్గర నీలమో ఎరుపో, అలా 52 చోట్లా బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆ గుడ్డు స్వచ్ఛమైన కట్‌త్రోట్‌తో కలిస్తే పిల్లలో సగటున నాలుగో వంతు ఎరుపు. ఆ పిల్ల మళ్ళీ కట్‌త్రోట్‌తో కలిస్తే 12.5 శాతం, ఆపైన 6.25 శాతం. తరం తరానికీ ఎరుపు పలచబడుతుంది గానీ పూర్తిగా పోదు.

గాలం పట్టినవాడికి కనిపించే ముక్కలు ఎన్ని? గీతకి ఒకటి, వాజం తెలుపుకి ఒకటి, తల చుక్కలకి ఒకటి, మూడే అనుకుందాం. నిజానికి ఒక్కో లక్షణం వెనక చాలా జన్యువులుంటాయి, లెక్క తేలికవ్వడానికి ఇలా అనుకుంటున్నాం. మిగతా 49 ముక్కలూ బోర్లా ఉన్నాయి. ఎప్పుడు గుడ్లు పెట్టాలి, చలికి ఎలా తట్టుకోవాలి, ఏ రోగాన్ని ఆపాలి లాంటివన్నీ వాటిలోనే ఉన్నాయి. కట్‌త్రోట్‌తో ఒకసారి వెనక్కి కలిసిన తరంలో ఈ మూడు చోట్లా నీలమే పడే అవకాశం ఎనిమిదింట ఒకటి. రెండోసారికి 42 శాతం. మూడోసారికి 67 శాతం. అంటే ఆ తరం పిల్లల్లో కనీసం మూడింట రెండు వంతులు పైకి అచ్చమైన కట్‌త్రోట్‌లా కనిపిస్తాయి, లోపల ఎరుపు ముక్కలు మాత్రం ఉండనే ఉంటాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గీత ముక్క జతలో ఒక్కటి నీలమైనా గీత పైకి కనిపిస్తుంది. కట్‌బోల్లో గీత తరచుగా కనిపించేది ఇందుకే. కాబట్టి గీత ఉందంటే "ఇందులో కట్‌త్రోట్ ఉంది" అని మాత్రమే అర్థం, "రెయిన్‌బో లేదు" అని కాదు. రెయిన్‌బో ఉందో లేదో చెప్పాల్సింది తెల్ల కొసలూ తల చుక్కలూ. రెండు రకాల గుర్తులూ ఒకే చేపలో ఉంటే సంకరమే.

"రెండు వేర్వేరు జాతులు కలిస్తే పిల్లలకి సంతానం ఉండదు కదా, కంచరగాడిదలాగా?" అనే ప్రశ్న చాలామందికి వస్తుంది. బడిలో మనకి అలాగే నేర్పారు, దాన్ని అంత కచ్చితమైన నియమంగా నేర్పకుండా ఉండాల్సింది. టైగర్ ట్రౌట్ ఆ నియమానికి లోబడుతుంది. బ్రౌన్‌కి 80 క్రోమోజోములు, బ్రూక్‌కి 84, పిల్లకి 82. అవి సరిగ్గా జతకట్టలేవు, పిల్లకి సంతానం ఉండదు. కట్‌త్రోట్, రెయిన్‌బోలకి కూడా లెక్క కలవదు. రెయిన్‌బోకి 58 నుంచి 64 దాకా, కట్‌త్రోట్‌కి ఉపజాతిని బట్టి 64 నుంచి 68 దాకా ఉంటాయి. అయినా వాటి పిల్లలకి సంతానం కలుగుతుంది. ఎందుకంటే రెండింటిలోనూ క్రోమోజోమ్ భుజాల (మధ్య ముడికి అటూ ఇటూ ఉండే భాగాల) మొత్తం దాదాపు 104. ఒక జాతిలో విడివిడిగా ఉన్న రెండు భుజాలు ఇంకో జాతిలో ఒకే క్రోమోజోముగా అతుక్కుని ఉంటాయి, అంతే తేడా. భుజానికి భుజం ఎదురుగా దొరుకుతుంది, జత కుదురుతుంది.

ఇక వాటిని వేరుగా ఉంచింది చాలావరకూ భూగోళమే. ఖండం లోపలి నదుల్లో చాలాచోట్ల కట్‌త్రోట్‌కి రెయిన్‌బో ఎదురుపడలేదు. 1880ల నుంచి కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నది రెయిన్‌బో గుడ్లని హేచరీలు దూరదూరాలకి పంపాయి. రెండూ వసంతంలోనే గుడ్లు పెడతాయి కాబట్టి అడ్డేమీ లేకపోయింది. బ్రౌన్ శరదృతువులో పెడుతుంది, అందుకే ఈ గొడవలో దాని పేరు వినపడదు.

బోర్లా ఉన్న ఆ ముక్కల ప్రభావం చిన్నది కాదు. చేపల శాస్త్రవేత్త క్లింట్ మల్‌ఫెల్డ్ బృందం మోంటానాలోని ఒక వాగులో చేపల జన్యువుల ఆధారంగా తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ జతచేసి చూసి 2009లో ప్రచురించిన ఫలితం ఇది: రెయిన్‌బో జన్యువుల వాటా 20 శాతం చేరితే చాలు, సంతానోత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది.

శాస్త్రవేత్తలు వాజం అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి డీఎన్‌ఏ చూస్తారు. రెండు జాతుల్లోనూ కచ్చితంగా తేడాగా ఉండే చోట్లని ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. బోర్లా ఉన్న ముక్కల్ని తిప్పి చూడడం అన్నమాట. మనం అనుకున్న, మూడోసారి కట్‌త్రోట్‌తో కలిసిన తరం చేపలో 20 చోట్లు చూస్తే ఎరుపు ఒక్కటి కూడా కనపడకుండా తప్పించుకునే అవకాశం 7 శాతం. 50 చోట్లు చూస్తే సుమారు వెయ్యిలో ఒకటి. అసలు క్రోమోజోముల్లో పక్కపక్కనున్న ముక్కలు కట్టగట్టుకుని ప్రయాణిస్తాయి కాబట్టి, పరీక్షించే చోట్లని వేర్వేరు క్రోమోజోముల మీద ఎంచుకుంటారు.

ఎల్లోస్టోన్ పార్కులోని లామార్ నది పరీవాహకంలో నిబంధన కూడా దీనికి తగ్గట్టే ఉంది. రెయిన్‌బోలనీ, చూసి గుర్తుపట్టగలిగిన సంకరాలనీ చంపాలి, కట్‌త్రోట్‌ని వదలాలి. ఇలాంటిచోట గాలం వేస్తున్నప్పుడు చేతులు తడుపుకుని, చేపని నీళ్ళలోనే ఉంచి, ముందు దవడ కింద, తర్వాత తల మీద, చివర్లో పొట్ట వెనక వాజం కొస చూడండి. ఎవరికైనా ఫొటో పంపి అడగాలనుకుంటే పక్కనుంచి తీసినది ఒక్కటే చాలదు. దవడ అడుగున ఒకటి, వాజాలు విచ్చుకున్నప్పుడు ఒకటి కూడా తీయండి.