బెల్లం పూతరేకులూ షుగరూ: కొట్లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

"పంచదారవి నాలుగు బాక్సులు కట్టండి. నాన్నగారికి మాత్రం బెల్లంవి రెండు. ఆయనకి షుగరండి."

మొన్న ఆదివారం మా కొట్టు ముందు కారు ఆపి ఒకమ్మాయి అన్న మాట ఇది. వెనక సీట్లో పెద్దాయన కిటికీ అద్దం దించుకుని ఆశగా చూస్తున్నారు. ఈ మాట నేను రోజూ వింటాను. పండగ రోజుల్లో గంటకోసారి వింటాను. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని మేం మాత్రం ఎలా తింటాం అనే ప్రేమ ఆ అమ్మాయి ముఖంలో కనిపిస్తూనే ఉంది, కాబట్టి అడిగినవాళ్ళ మీద నాకు కోపం రాదు. ఈ మాట పుట్టించి ఫోన్లలో తిప్పుతున్నవాళ్ళ మీద మాత్రం చాలా వస్తుంది.

ఆత్రేయపురంలో ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్తగారి పక్కన కూర్చుని కుండ మీద రేకు తీయడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా కొట్టు కోసం పన్నెండు మంది ఆడవాళ్ళు వాళ్ళ ఇళ్ళ దగ్గరే రేకులు తీసి ఇస్తారు. చుట్టడం, అమ్మడం మేం చూసుకుంటాం. 2023లో మా ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక దూరాల నుంచి కొత్తవాళ్ళు చాలామంది వస్తున్నారు. వాళ్ళ అనుమానాలకు కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బెల్లంతో చేసింది షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చు

బెల్లం పూతరేకుని పంచదార పూతరేకుతో సమానంగానే లెక్కేసుకోండి. ఒక్క పిసరు కూడా తగ్గించి లెక్కపెట్టొద్దు.

రెండూ చెరకు రసమే. రసాన్ని మిల్లులో శుద్ధి చేసి పలుకులు మాత్రం వేరుచేస్తే పంచదార. పలుకులు వేరు చేయకుండా పెనంలో కాచి దింపి అచ్చు పోస్తే బెల్లం. బెల్లంలో 65 నుంచి 85 శాతం వరకు ఉండేది సుక్రోజే, అంటే పంచదారలో ఉండే పదార్థమే. మిగిలినదంతా ఖనిజాలే అనుకుంటారు. అదీ కాదు. అందులో ఇంకో పది పదిహేను శాతం గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. అవీ చక్కెరలే. ఆ తర్వాత తేమ, ఆ తర్వాత చిటికెడు ఖనిజాలు. కేలరీలు చూసినా పంచదార వంద గ్రాములకు 390 దగ్గర, బెల్లానికి 350 నుంచి 380. ఆ తేడా కూడా ఎక్కువగా తేమ వల్ల వచ్చిందే.

ఇది మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. అందుకని కౌంటర్ మీద చిన్న కాటా పెట్టుకున్నాను. పంచదార చుట్టకి, అంటే చుట్టిన ఒక పూతరేకుకి, నేను పన్నెండు గ్రాముల పొడి వేస్తాను. బెల్లం తీపి కాస్త మందంగా ఉంటుంది, అంతే వేస్తే "తీపి తగ్గిందండి" అని తిరిగి వస్తారు. అందుకని పదిహేను గ్రాముల తురుము పడుతుంది. రెండు గిన్నెలూ కాటా మీద పెట్టి చూపిస్తాను. షుగర్ ఉన్నాయన కోసం ఏరికోరి కొన్న చుట్టలోనే తీపి సరుకు ఎక్కువ తూగుతుంది. ఆ అంకె చూశాక చాలామంది ఇంకేం మాట్లాడరు.

ఇంకోటి కూడా ఉంది. రేకు దేంతో చేస్తాం? బియ్యప్పిండితో. రేకు పల్చన కాబట్టి పిండి తక్కువే పడుతుంది, కానీ ఆ పిండీ కడుపులోకి వెళ్ళాక గ్లూకోజే అవుతుంది. బెల్లం గురించి అడిగినవాళ్ళు రేకు గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మా ఇంట్లో జరిగింది. మా మామయ్యగారికి యాభై ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. ఆ రోజు నుంచి పంచదార ముట్టలేదు, కాఫీలో కూడా మానేశారు. అంత నిష్ఠ. కానీ ఇంట్లో ఉన్నదే పూతరేకుల వ్యాపారం. రాత్రి అన్నం తిన్నాక బెల్లం చుట్ట ఒకటి, ఒక్కో రోజు రెండు. ఆరేళ్ళు అలా తిన్నారు. మేమే ప్లేట్లో పెట్టి ఇచ్చేవాళ్ళం, నేను కూడా ఇచ్చాను. ఒకసారి పెరట్లో కొబ్బరి మట్టలు సర్దుతుంటే అరికాల్లో ముల్లు దిగింది. దిగినట్టు ఆయనకి తెలియలేదు. పది రోజుల తర్వాత మంచం దుప్పటి మీద మరక చూసి మా అత్తగారు పట్టుకున్నారు. అప్పటికే కాలి నరాల్లో స్పర్శ పోయింది. ఆసుపత్రిలో రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూసే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేస్తే 10 శాతం దాటింది. బొటనవేలు తీసేశారు.

డాక్టర్ గారు ఏం తింటున్నారని అడిగితే, "బెల్లమే బాబూ, పంచదార ముట్టను" అని ఆయన చెప్పుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆయన తప్పు చేయలేదు. ఆయనకి తప్పుడు మాట చెప్పారు, ఆయన దాన్ని నిష్ఠగా పాటించారు.

ఇంటికి వచ్చాక గ్లూకోమీటర్ కొన్నాం. ఓ రోజు డాక్టర్ గారిని అడిగే, అర చుట్ట తిన్న రెండు గంటలకు చూశాం. అంకె చూసి మామయ్యగారే మీటర్ తిరగేసి పెట్టేశారు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ వద్దనాల్సిన పని రాలేదు.

ఇదే అపోహకి ఇంకో రూపం ఉంది: "బెల్లం తింటే రక్తం పడుతుంది." పోయిన మాఘమాసంలో సీమంతానికి ఆర్డర్ ఇవ్వడానికి ఓ అత్తా కోడలూ వచ్చారు. కోడలికి ఏడో నెల, గర్భంలో వచ్చే షుగర్ ఉందని డాక్టరమ్మ చెప్పిందట. అత్తగారేమో పూటకో బెల్లం చుట్ట తినిపిస్తే రక్తం పడుతుంది, షుగరూ పెరగదు అంటున్నారు. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. అత్తగారికి ఎదురు చెప్పలేదు, తినలేదు. నేను అత్తగారితోనే మాట్లాడాను. "పిన్నిగారూ, నా చుట్టలో పదిహేను గ్రాముల బెల్లం ఉంటుంది. ఎంత మంచి బెల్లమైనా అందులో ఐరన్ రెండు మిల్లీగ్రాములు దాటదు. కడుపుతో ఉన్న మనిషికి రోజుకి 27 మిల్లీగ్రాములు కావాలి. ఆ లెక్క నా చుట్టలతో తీరాలంటే రోజుకి పదమూడు, పద్నాలుగు తినాలి. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్ర వేసుకుంటే చాలు" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి పళ్ళెంలో ఏం పెట్టమంటావమ్మా?" అన్నారు. పళ్ళెంలో పెట్టండి, ముత్తైదువులకి పంచండి, అమ్మాయి నోటికి చిటికెడు అందించి దీవించండి అన్నాను. అలాగే చేశారు.

తాటిబెల్లం, తేనె, ఖర్జూరం ఇవన్నీ కూడా ఇదే కోవ. తాటిబెల్లం రుచి వేరు, అందులో ఎక్కువగా ఉండేది సుక్రోజే. తేనెలో సుమారు ఎనభై శాతం చక్కెరలు. "డ్రై ఫ్రూట్స్‌తో చేసింది కదా, షుగర్ వేయలేదు కదా" అని ఖర్జూరం లడ్డూలు డజన్ల లెక్కన తింటారు. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెని కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల జాబితాలోనే వేసింది. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అక్కడి మెక్సికన్ దుకాణంలో పిలోన్సీయో అనే శంకు ఆకారపు దిమ్మ కొని ఫోటో పంపాడు, "అత్తా, ఇది మన బెల్లంలాగే ఉంది, షుగర్ వాళ్ళకి మంచిదేనా?" అని. మన బెల్లమే అది. కొలంబియాలో పనేలా అంటారు, బ్రెజిల్‌లో రపడూరా, జపాన్‌లోని ఒకినావా దీవుల్లో కొకుతో. చెరకు పండిన ప్రతిచోటా రసం కాచి దిమ్మ చేసుకున్నారు. ఏ దేశం దిమ్మ అయినా రక్తంలో చేసే పని ఒకటే.

మా వ్యాపారంలోనే ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. సిటీ నుంచి ఒక డీలరు పెద్ద ఆర్డర్ తెచ్చాడు. బెల్లం రకం బాక్సు మీద "షుగర్ ఉన్నవారికి అనుకూలం" అని ప్రింట్ చేయించాలన్నాడు. చేయనన్నాను. అందరూ వేస్తున్నారు కదండీ అన్నాడు. ఆర్డర్ పోయింది. దసరా ముందు అంత ఆర్డర్ పోతే పన్నెండు ఇళ్ళకి పని తగ్గుతుంది, ఆ బాధ నాకు ఉంది. అయినా ఆ ముక్క నా బాక్సు మీద పడదు. దయచేసి మీరూ వేయకండి. "షుగర్ ఫ్రీ" అన్న మాటకి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ఉంది: వంద గ్రాముల్లో చక్కెర అర గ్రాముకి మించకూడదు. బెల్లం పూతరేకు ఆ గీత దరిదాపుల్లోకి రాదు.

షుగర్ ఉన్నవాళ్ళు ఇది చదివి బెంగ పెట్టుకోవద్దు. పండగ పూట ఒక ముక్క తినడం నేరం కాదు. మీ డాక్టర్‌ని అడగండి. ఒప్పుకుంటే ఒక చుట్టని నలుగురు పంచుకోండి, ఆ పూట అన్నం తగ్గించండి, మాత్ర మానొద్దు. దొంగచాటుగా తినకండి. పిల్లలు తిడతారని స్కూటర్ పక్కన నిలబడి తినే పెద్దవాళ్ళని రోజూ చూస్తుంటాను, ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక మిగతావి త్వరగా చెబుతాను.

అపోహ: బంగారంలా పసుపుగా మెరిసే బెల్లమే మంచిది

రంగు తేల్చడానికి కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. మెరుపు చూసి కొనడం వల్లే అది ఆగడం లేదు. అనకాపల్లి నుంచి వచ్చే సరుకులో నేను ముదురు గోధుమ రంగుదే ఏరుకుంటాను. నల్ల బెల్లం అంటే సారా బట్టీలకే అన్న పేరు పడిపోయి, ముదురు రంగు చూస్తే జనం భయపడతారు. నోట్లో వేసుకుంటే ఉప్పగా, చప్పరిస్తే నాలుక గరుకుగా అనిపిస్తే ఆ దిమ్మ నేను తీసుకోను.

అపోహ: పైన ఉండేది పేపరు

హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు, ఒకాయన రేకంతా ఓపిగ్గా వొలిచి పక్కన పెట్టి లోపలి పొడి మాత్రం తిన్నారు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి మజ్జిగ కంటే పల్చగా కలిపి, బోర్లించిన కుండ కింద కొబ్బరి ఆకుల మంట వేసి, పిండిలో ముంచిన పల్చటి గుడ్డని కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే వచ్చే పొర అది. గుడ్డ అవతలి అంచు దాటేలోపే ఇవతల అంచు ఎండి లేస్తుంది. ఆ వేడికి మా ఆడవాళ్ళ వేలికొసలు మొద్దుబారిపోతాయి. దాన్ని వొలిచి పారేయకండి.

అపోహ: రేకులో ప్లాస్టిక్ కలుపుతారు, అంటిస్తే మండుతుంది

2017లో ప్లాస్టిక్ బియ్యం పుకారు వచ్చినప్పటి నుంచి ఈ వీడియోలు తిరుగుతున్నాయి. ఎండిన బియ్యప్పిండి పొర మండుతుంది, ఎండు గడ్డి మండినట్టే. కాలితే నల్లగా బొగ్గై, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది, అన్నం మాడిన వాసన వస్తుంది. ప్లాస్టిక్ అయితే కరిగి బొట్లుగా కారుతుంది. ఒక తల్లి ఏడుపు ముఖంతో వచ్చింది, పిల్లాడు రెండు తినేశాడని. ఆవిడ ముందే ఒక రేకు కాల్చి చేతిలో పెట్టాను. ఇంటికి ధైర్యంగా వెళ్ళింది.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి

తేమ పట్టి రేకు సాగుతుంది. గాలి చొరబడని డబ్బాలో బయటే ఉంచండి. నెయ్యి వాసన మారిందంటే పారేయండి.

అపోహ: షుగర్ పడిపోతే ఏ స్వీటైనా నోట్లో పెట్టొచ్చు

ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రాణం మీదికి వస్తుంది. నిరుడు వేసవిలో మా కొట్టు ముందు ఒకాయనకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. షుగర్ ఇంజక్షన్ వేసుకుని టిఫిన్ తినకుండా ప్రయాణం పెట్టుకున్నారట. పక్కనున్న బంధువు కంగారులో అప్పుడే కొన్న చుట్ట విప్పి నోటికి అందిస్తున్నాడు. నేను ఆపాను. నెయ్యి, జీడిపప్పు ఉన్న స్వీటు కడుపులో నెమ్మదిగా అరుగుతుంది, తీపి రక్తంలోకి చేరడానికి ఆలస్యం అవుతుంది. ఆ నిమిషంలో కావాల్సింది ఉత్త గ్లూకోజు, అది లేకపోతే పంచదార నీళ్ళు. అర గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి, మనిషి స్పృహలో ఉన్నారు కాబట్టి కూర్చోబెట్టి తాగించాను. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పావుగంటలో ఆయన తేరుకున్నారు. అప్పుడు ఎదురుగా ఉన్న హోటల్లో రెండు ఇడ్లీలు తినిపించి పంపించాం.

ఆ సాయంత్రమే గ్లూకోజు డబ్బా ఒకటి తెప్పించి కాటా పక్కన పెట్టాను. అది అక్కడే ఉంటుంది, దారిన పోయేవాళ్ళు ఎవరికి కావాలన్నా అడగొచ్చు.