క్యాల్షియం తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

మా చిన్నమ్మకు వరంగల్‌లో థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్ అయింది. రెండో రోజు సాయంత్రం "బిడ్డా, మూతి చుట్టూ చీమలు పాకినట్టు అయితాంది" అన్నది. ఆపరేషన్ నీరసం కావచ్చు అనుకున్నాం. రాత్రి నర్సు బీపీ చూస్తుంటే ఆమె చెయ్యి మణికట్టు దగ్గర వంగి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. మా దిక్కు దీన్ని కొంకర్లు పోవడం అంటారు. డ్యూటీ డాక్టర్ వచ్చి బీపీ పట్టీ మళ్లీ బిగించి మూడు నిమిషాలు అలాగే ఉంచారు. చెయ్యి మళ్లీ ముడుచుకుంది. వెంటనే రక్తం పరీక్షకు పంపారు. క్యాల్షియం 6.9 వచ్చింది. మామూలుగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల దాకా ఉండాలి.

బీపీ పట్టీతో చేసే ఈ పరీక్షకు 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో పేరు పెట్టారు. నరాల కణాల గోడల్లో సోడియం లోపలికి పోవడానికి తలుపుల్లాంటివి ఉంటాయి. రక్తంలో క్యాల్షియం సరిపడా ఉంటే అవి తొందరపడి తెరుచుకోవు. అది తగ్గితే చిన్న కదలికకే తెరుచుకుని, నరాలు ఉలిక్కిపడుతుంటాయి. పట్టీ బిగించి రక్తం అందకుండా చేస్తే ఆ ఉలికిపాటు ఇంకా పెరిగి చెయ్యి కొంకర్లు పోతుంది. బాగా తగ్గితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు.

నేను మెడికల్ కోడింగ్ చేస్తాను. డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ ఐసీడీ-10 అనే జబ్బుల వర్గీకరణ పుస్తకంలోని కోడ్ వేయడం నా పని. హనుమకొండలో నాతో డిగ్రీ చదివినవాళ్లలో చాలామంది ఇదే పనిలో ఉన్నారు, ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల ఫైళ్లే చూస్తారు. క్యాల్షియం తక్కువ అనగానే మా చేతికి వచ్చే కోడ్ ఈ83.51 (E83.51). క్యాల్షియం ఎక్కువైతే ఈ83.52. ఈ చివరి అంకె అమెరికా వాళ్లు చేర్చుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో కోడ్ ఈ83.5 దగ్గరే ఆగిపోతుంది. తగ్గినా పెరిగినా అదే గది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం కదా, ఒకే గదిలో పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ పనిలో మొదట నేర్పే నియమం ఒకటుంది. ల్యాబ్ రిపోర్టులో అంకె చూసి కోడర్ జబ్బు రాయకూడదు. డాక్టర్ రాస్తేనే కోడ్. కొత్తలో ఇది ఉత్త చాదస్తం అనిపించేది. 7.6 అని కళ్ల ముందు కనబడుతుంటే ఇంకేం కావాలి అనుకునేదాన్ని. ఆల్బుమిన్ సంగతి తెలిశాక నియమం విలువ అర్థమైంది.

రక్తంలోని క్యాల్షియంలో దాదాపు సగం ప్రొటీన్లను, ముఖ్యంగా ఆల్బుమిన్‌ను, పట్టుకుని తిరుగుతుంది. నరాలకు, కండరాలకు పనికొచ్చేది విడిగా తిరిగే మిగతా భాగం. లివర్ జబ్బుతోనో తిండి సరిగా లేకో ఆల్బుమిన్ పడిపోతే మొత్తం అంకె తగ్గుతుంది, విడి క్యాల్షియం మాత్రం బాగానే ఉండొచ్చు. అందుకే ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కంటే ఒక్కో గ్రాము తగ్గినప్పుడల్లా క్యాల్షియానికి 0.8 కలిపి చూస్తారు. క్యాల్షియం 7.6, ఆల్బుమిన్ 2.5 ఉన్న మనిషికి 1.2 కలపాలి. 8.8 అవుతుంది. అంటే తగ్గనే లేదు! ఇదీ అంచనానే. అనుమానం ఉంటే విడి క్యాల్షియాన్నే నేరుగా కొలిచే అయొనైజ్డ్ క్యాల్షియం పరీక్ష చేయిస్తారు.

నిజంగానే తగ్గినా, ఈ83.51 చెప్పేది సగం కథే. విటమిన్ డి లోపమైతే దానికి ఈ55 వరుస ఉంది. తిండిలో క్యాల్షియం లేకపోవడానికి ఈ58. పసిబిడ్డలకు పుట్టగానే వచ్చేదానికి పీ71. కిడ్నీ జబ్బు, మెగ్నీషియం లోపం కూడా కారణాలే. మెగ్నీషియం తక్కువుంటే ఎంత క్యాల్షియం ఎక్కించినా అంకె సరిగా నిలవదు, ముందు దాన్ని సరిచేయాలి. కారణం రాయని ఫైలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తర్వాత చూసే డాక్టర్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

చిన్నమ్మ విషయంలో కారణం మెడలోనే ఉంది. థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. రక్తంలో క్యాల్షియాన్ని నిలబెట్టేది వాటి హార్మోనే. ఆపరేషన్‌లో వాటికి రక్తం అందకపోతే కొన్నాళ్లు మందగిస్తాయి, కొందరిలో ఎప్పటికీ కోలుకోవు. ఆ రాత్రి ఆమెకు క్యాల్షియం గ్లూకోనేట్ అనే క్యాల్షియం మందును రక్తనాళం ద్వారా నెమ్మదిగా ఎక్కించారు, పక్కన ఈసీజీ పెట్టుకుని.

ఆరు నెలలు దాటినా ఆ గ్రంథులు లేవలేదు. అప్పుడు డాక్టర్ ఆమె ఫైలు మీద "ఆపరేషన్ తర్వాతి హైపోపారాథైరాయిడిజం" అని, అంటే పారాథైరాయిడ్ హార్మోన్ లోపమని, స్పష్టంగా రాశారు. దానికి కోడ్ ఈ89.2. థైరాయిడ్ తీసేయడం వల్ల వచ్చిన హార్మోన్ లోపానిది ఈ89.0. పుస్తకంలో ఈ రెండూ దగ్గర దగ్గరే ఉంటాయి, మాత్రలు మాత్రం దూరంగా ఉండాలి. క్యాల్షియం థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వదు, కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. చిన్నమ్మ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, క్యాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక.